మెరుగు పొర

మా సారుకి ఒక పొర ఉంది. కంట్లో వచ్చేది కాదు, అదైతే ఆపరేషన్ చేయించుకుంటే పోయేది. ఇది కంప్యూటర్లో ఉంటుంది.

మేము ఫోటోలు చూసి మనుషుల బొమ్మలు వేస్తాం. కుంచెలూ రంగుడబ్బాలూ ఉండవు. పలకలాంటి దాని మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే ఎదురుగా తెర మీద రంగు పడుతుంది. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున గీత, దాని మీద ఒంటి రంగు, దాని మీద నీడలు, ఆపైన వెలుగు. అన్నీ అయ్యాక, ప్రింటుకి పంపేముందు, సారు తన కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచి అన్నిటికంటే పైన తన పొర ఒకటి పరుస్తాడు. దాని పేరు 'మెరుగు'. అది పడగానే బొమ్మలో ఉన్నది ఎవరైనా సరే రెండు మెట్లు తెల్లబడతారు. ఆ తర్వాత పొరలన్నీ కలిపి ఒకటిగా అంటించేసి ప్రింటుకి తోసేస్తాడు. ఇక దాన్ని విడదీయడం ఎవరితరమూ కాదు.

"జనం మన దగ్గరికి వచ్చేది ఉన్నట్టు కనపడటానికి కాదమ్మాయ్, ఉండాలనుకున్నట్టు కనపడటానికి," అంటాడు. ఎవరు ఎలా ఉండాలనుకుంటున్నారో ఈయన ఎప్పుడు, ఎవర్ని అడిగాడో నాకు ఈనాటికీ తెలియదు.

మా ఆఫీసులో నలుపు అనే మాట నోట్లోంచి రాకూడదు. సారు తయారుచేసిన ఒంటి రంగుల పట్టీ ఒకటి ఉంది. పసిమి, గోధుమ, తేనె, చామనచాయ. అక్కడితో సరి. చామనచాయ దాటితే లోకంలో ఇక మనుషులే లేరన్నట్టు. ఉన్నారు. వాళ్ళలో మా అక్క ఒకతె. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, కడుపుమంటతోనే రాస్తున్నాను.

ఆరేళ్ళుగా ఆ పొరతో కాపురం చేస్తున్నాం, నేనూ, నా పక్క సీట్లో కూర్చునే కళ్ళజోడు కుర్రాడూ. మొదట్లో నేను గొడవపడ్డాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది. తర్వాత ఒక ఉపాయం పట్టాను. ఆయన ఎలాగూ రెండు మెట్లు తెల్లబరుస్తాడు కాబట్టి, నేను ముందే రెండు మెట్లు ముదురుగా వేసిపెట్టడం మొదలుపెట్టాను. ఆయన పొర పడ్డాక మనిషి తన అసలు రంగుకి దగ్గరగా వచ్చి ఆగుతాడు. సారు చూసేది పొర వేయకముందుకీ వేసిన తర్వాతకీ తేడా ఎంత అనే తప్ప, అసలు మనిషిని కాదు గదా. ఆ ముదురు రంగుల్లో పనిచేయాలంటే కళ్ళకి ఆనక, తెర వెలుతురు చివరిదాకా పెంచుకున్నాను. సారుని భలే బోల్తా కొట్టిస్తున్నానని లోలోపల మురిసిపోయేదాన్ని. కళ్ళజోడుకి కూడా నేర్పాను.

ఇక మా అక్క సంగతి.

నాకంటే ఐదేళ్ళు పెద్దది. నేను అమ్మ రంగు, అది నాన్న రంగు. చిన్నప్పుడు ఒకసారి అందరం ఫోటో తీయించుకోవడానికి వెళ్ళాం. ఆ ఫోటోగ్రాఫరు అక్క ముఖానికి పౌడరు తట్టాడు. చాల్లేదని మళ్ళీ తట్టాడు. తర్వాత కెమెరాలోంచి చూసి, "పెద్దపాపని కాస్త పక్కకి నిలబెట్టండి, లైటంతా మింగేస్తోంది," అన్నాడు. అమ్మ కిమ్మనలేదు. పైపెచ్చు, "నవ్వకే, పళ్ళొక్కటే కనపడతాయి," అంది. ఆ ఫోటోలో అక్క ముఖం తెల్లగా, మెడ నల్లగా, మూతి బిగించి ఉంటుంది. అప్పుడు దానికి పదేళ్ళు. ఆ తర్వాత ఏ ఫోటోలోనూ అది నోరు తెరిచి నవ్వలేదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కావాళ్ళు ఇల్లు మారుతుంటే, అక్కా బావా పిల్లల బొమ్మ ఒకటి వేసి కానుకగా ఇద్దామనుకున్నాను. అప్పటికింకా నా ఉపాయం లేదు. సారు దాని మీద మెరుగు పరిచి, "మన స్టాఫే కదా" అని ఇంకో మెట్టు కూడా కలిపి ప్రింటు చేయించాడు. నేను చూసి నోరు మూసుకుని పట్టుకెళ్ళి ఇచ్చాను. అక్క విప్పి చూసింది. "బాగుందే. బావ పక్కన ఈవిడెవరు?" అంది. అందరం నవ్వాం. మళ్ళీ వేసి ఇస్తానన్నాను. ఆరేళ్ళలో ఇవ్వలేదు. అక్క దాన్ని వంటింటి తలుపు వెనక తగిలించుకుంది.

అక్క బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తుంది. పాతికేళ్ళుగా బ్రెడ్డు కాల్చేది అదే. బేకరీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన మెయిన్ రోడ్డు మీద కొత్త షాపు తెరుస్తూ, మొదటినుంచీ తన దగ్గరున్న ముగ్గురి బొమ్మలు నిలువెత్తున గోడకి పెట్టాలనుకున్నాడు. వ్యాను డ్రైవరు, పిండి కలిపే తాత, మా అక్క. పని మా స్టూడియోకే వచ్చింది. మొదటి రెండూ కళ్ళజోడు తీసుకున్నాడు, అక్కది నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రమే ఫోను.

"ఏమే, నువ్వేనట కదా వేసేది?"

"నేనే."

"పౌడరు కొట్టకు."

నవ్వాను. అది నవ్వలేదు.

"నిజంగానే చెప్తున్నా. నన్ను నన్నులా వెయ్యి. పొయ్యి తలుపు తీసేటప్పుడు దాని గాజులో రోజూ చూసుకుంటా. అప్పుడు బానే ఉంటానే నేను. గోడ మీద అలా ఉంటే చాలు."

నలభై ఏళ్ళు దాటిన మనిషి మొదటిసారిగా నన్ను అడిగిన కోరిక అది. ఈసారి ఉపాయాలేవీ వద్దనుకున్నాను. పైగా బాగా నల్లటి ఒంటికి నా ఉపాయం పనికిరాదు. దాన్ని ఇంకో రెండు మెట్లు ముదురు చేస్తే నీడల్లో ముక్కూ మూతీ కలిసిపోతాయి. ఆ మీద మెరుగు పడితే రంగు తేలదు, బూడిద పూసినట్టవుతుంది. అందుకని ఉన్న రంగు ఉన్నట్టు వేస్తాను, సారు పొర పడనివ్వను, అంతే. పది రోజులు కూర్చుని వేశాను.

పదకొండో రోజు సారు నా కుర్చీ వెనక నిలబడి తెర చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటమ్మాయ్? గోడకి పెడితే అక్కడ కరెంటు పోయిందనుకుంటారు."

"మా అక్క సార్."

"అయ్యో, మీ అక్కేనా?" ఆయన గొంతులో నిజంగానే జాలి. ఆ జాలికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి సొంత అక్క మీద ఆ మాత్రం ప్రేమ ఉండక్కర్లా? నేను చూసుకుంటాలే. మూడు మెట్లు లేపుదాం, ఎర్రగా బుర్రగా ఉంటుంది."

"ఎర్రగా బుర్రగా ఉంటానని మా అక్క మీతో చెప్పిందా సార్?"

"కోపమెందుకు? అందంగా కనపడాలనే కదా నా తాపత్రయం."

"అది అందంగానే ఉంటుంది. మీ పట్టీలో లేదంతే. పాతికేళ్ళు నిప్పు దగ్గర నిలబడి ఊరందరికీ బ్రెడ్డు కాల్చిన ముఖం సార్ అది. దాని మీద సున్నం కొట్టడానికి మీరెవరు?"

కళ్ళజోడు కీబోర్డు మీదనుంచి తలెత్తలేదు. నేను ఫోను తీసి పెద్దాయనకి కొట్టి, సారు వినేలా స్పీకరు పెట్టాను. రంగు కాస్త తేల్చమంటారా, ఉన్నట్టు ఉంచమంటారా అని అడిగాను.

"రోజూ చూసే మనిషండీ, ఆవిడ రంగు నాకు తెలియదా ఏంటి?" అన్నాడు పెద్దాయన, విసుగ్గా. "ఉన్నదున్నట్టు ఇవ్వండి."

సారు ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపుకి ఏ పొరా అక్కర్లేకపోయింది. "సరే. నేను వేలు కూడా పెట్టను. తర్వాత నన్ననొద్దు," అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఫైలు నేనే ప్రింటుకి పంపించాను. యుద్ధం గెలిచినంత సంబరపడ్డాను.

ఆదివారం షాపు ప్రారంభం. శుక్రవారం పొద్దున్న బొమ్మలు తగిలిస్తున్నారంటే వెళ్ళాను. షాపులో ఇంకా సున్నం వాసన, నిచ్చెనలు, అద్దాల మీద ఊడదీయని కాగితాలు. డ్రైవరు బొమ్మా తాత బొమ్మా చక్కగా ఉన్నాయి. వాటిని కళ్ళజోడు ముదురు చేసిపెట్టాడు, సారు తెల్లబరిచాడు, లెక్క సరిపోయింది. మూడో బొమ్మ అక్కది.

నల్లటి ముద్ద. కళ్ళలో తెలుపు రెండు చుక్కలు, పొయ్యి అంచున సన్నటి గీత. బుగ్గ ఎక్కడ ఆగిందో, వెనక గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. నేను పది రోజులు కూర్చుని వేసిన ఎరుపులూ ఊదారంగులూ అన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

సారు చేతులు వెనక కట్టుకుని నా కంటే ముందే వచ్చి చూస్తున్నాడు. "చెప్పానా, లేదా?" అన్నాడు. "మెరుగు లేకపోతే ఇంతే."

ఇది ఈయన పనే, కక్షకొద్దీ ఏదో చేశాడు అనుకున్నాను. ప్రింటు వాళ్ళకి ఫోను చేసి అడిగాను. నేను పంపిన ఫైలే, ఎవరూ ముట్టుకోలేదన్నారు. ఇంతలో పాత షాపునుంచి అక్క వచ్చింది. ఏప్రన్ కూడా విప్పలేదు, మోచేతుల దాకా పిండి. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"పొయ్యి ఆరిపోయిందా?" అంది.

అక్క నా వైపు తిరిగింది.

"ఫర్వాలేదులే. ఊళ్ళో వాళ్ళ సంగతి నాకు తెలుసు. నీ కళ్ళకి కూడా ఇలాగే కనపడతానని తెలియదు, అంతే."

తల కొట్టేసినట్టయింది. అక్క చెయ్యి పట్టుకుని లాగి ప్రింటు పక్కన పెట్టి చూశాను. బొమ్మలో చెయ్యి కంటే అసలు చెయ్యి రెండు మెట్లు తేట. సరిగ్గా రెండు. అప్పుడు అర్థమైంది. ఉపాయం వద్దని అనుకున్నది నేను, నా చెయ్యి కాదు. ఆరేళ్ళ అలవాటుకొద్దీ అది తన పని తాను చేసుకుపోయింది. తెర వెలుతురు చివరిదాకా పెంచి ఉంది కాబట్టి నా కంటికి అంతా సరిగ్గానే కనపడింది. సారు ముఖాలని తెల్లబరచడం నేర్చుకుంటే నేను మసిపూయడం నేర్చుకున్నాను. ఆయన మీద మండిపడుతూనే ఆయన దగ్గర చదువు పూర్తిచేశాను.

"తప్పు నాదే," అన్నాను, అందరికీ వినపడేలా. ఏంచేశానో, ఎన్నాళ్ళనుంచి చేస్తున్నానో దాచకుండా చెప్పాను.

"ఆరేళ్ళుగా నన్ను మోసం చేస్తున్నావా?" అన్నాడు సారు, కళ్ళింత చేసుకుని.

"మీరు అందర్నీ చేస్తున్నారు సార్. నేను మిమ్మల్ని ఒక్కర్నే చేస్తున్నాననుకున్నాను."

"సరే, మీ ఇద్దరూ తీరిగ్గా కొట్టుకోండి," అంది అక్క, చేతుల పిండి దులుపుకుంటూ. "మధ్యలో నా ముఖం ఏమైందో అది చెప్పండి ముందు."

సారు నిచ్చెన వైపు చూశాడు. నేను అక్కతో, "రెండింటికి పాత షాపుకి వస్తాను. పొయ్యి దగ్గర నిలబడు. ఫోటో వద్దు, నిన్ను చూసే వేస్తాను," అన్నాను.

"నిలబడటానికి నాకు తీరికెక్కడిది? నా పని నేను చేసుకుంటా, నీ పని నువ్వు చేసుకో."

రెండింటికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. పిండి బల్ల మీద ఒక మూల తుడుచుకుని కూర్చున్నాను. మొదట తెల్లకాగితం ఒకటి తెర పక్కన పెట్టి, తెరలోని తెలుపూ కాగితం తెలుపూ ఒకటయ్యేదాకా వెలుతురు తగ్గించాను. అంతే, నా పది రోజుల పనితనం నా కళ్ళముందే మసిగుడ్డలా కనపడింది. దాన్ని మూసేసి కొత్తది తెరిచాను.

అక్క పొయ్యి తలుపు తీసింది. అప్పుడు చూశాను, ఇన్నేళ్ళకి.

తెల్లటి ఒంటి మీద వెలుగు నూనెలా పాకుతుంది. అక్క ఒంటి మీద అలా కాదు, ఎక్కడ పడాలో అక్కడే గట్టిగా నిలబడుతుంది. బుగ్గ ఎముక మీద రాగి రంగులో ఒక చార. ముక్కు పక్కన అదే వెలుగు చెమట మీద పడి ఒక్క చుక్క. చెవి అంచులోంచి నిప్పు వెలుగు దూరి లోపలి రక్తం రంగు బయటికి వచ్చింది. నీడ ఉన్న వైపు నలుపు లేనే లేదు. అక్కడ పండిన వంకాయ తొక్క రంగు, దాని మీద పైనుంచి ట్యూబ్‌లైటు నీలం. గడ్డం కింద రేకు ట్రేలోంచి తిరిగొచ్చిన పసుపు. ఇన్ని రంగులున్న ముఖాన్ని పట్టుకుని లైటు మింగేస్తోందన్నాడు ఆ ఫోటోగ్రాఫరు. వాడి కళ్ళు మండ.

వేయడం మొదలుపెట్టాను. రంగు ఎంచుకోబోతే పెన్ను దానంతటది రెండు మెట్లు కిందికి జారుతుంది. లాక్కొచ్చి పైన పెడతాను, మళ్ళీ జారుతుంది. అక్క ట్రే లాగుతూ నా భుజం మీదనుంచి తొంగి చూసింది.

"మళ్ళీ మసి పెడుతున్నావ్."

"అలవాటే."

"చేతి మీద ఒక్కటిచ్చానంటే పోతుంది. ఇక్కడ నీలం ఏంటి?"

"ట్యూబ్‌లైటుది."

"ఆ. నాకూ గాజులో కనపడుతుందే. ముఖం మీద నీలమేంటి, నా కళ్ళకేదో అయిందనుకున్నా ఇన్నాళ్ళూ." పిండి వేలితో తెరని ముట్టుకోకుండా చూపించింది. "చెంప కింద ఎరుపు ఇంకాస్త ఉంటుంది. నువ్వు తక్కువ వేశావ్. రోజూ చూసుకునేదాన్ని, నాకు తెలీదా?"

వేశాను. అది చెప్పిందే నిజం. బొమ్మలో ముఖం గుండ్రంగా పైకి వచ్చింది. అక్క దాన్ని చూసి ఒక్కసారిగా నవ్వింది, వెంటనే పిండి చేత్తో నోరు మూసుకుంది.

"చెయ్యి తియ్యి."

"పళ్ళొక్కటే కనపడతాయే."

"పళ్ళొక్కటే కనపడ్డాయంటే, తీసేవాడికి ముఖానికి వెలుగు పెట్టడం చేతకాలేదని అర్థం. నీ ముఖానిది కాదు తప్పు. తియ్యి."

తీసింది. నవ్వుతూనే ఇంకో ట్రే లోపలికి తోసింది. పళ్ళకి తెలుపు వాడలేదు. నోట్లో నీడ ఉంటుంది, వాటికి మీగడ రంగు చాలు. ఐదున్నరకి పని ముగిసే సమయానికి మూతి చుట్టూ తెల్లగా పిండి మరక ఒకటి మిగిలింది. అదీ వేశాను. ఆ ముఖం మీద ఉండాల్సిన తెలుపు అదొక్కటే.

శనివారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, వేలు కూడా పెట్టనన్న సారు మాట ఇంకా అమల్లోనే ఉందనుకుని, ఫైలు నేరుగా ప్రింటుకి పంపించాను. కళ్ళజోడు వచ్చి నా తెర చూసి, తన తెర వెలుతురు తగ్గించుకున్నాడు.

ఆదివారం షాపు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళు బొమ్మని చూసి, పక్కకి తిరిగి అక్కని చూసి, మళ్ళీ బొమ్మని చూస్తున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు, అడగాల్సింది లేదు. అక్క మాత్రం కౌంటరు వెనక పని ఉన్నట్టు నటిస్తూ కొత్త చీరలో అటూ ఇటూ తిరుగుతోంది.

ఇస్త్రీ చొక్కాలో సారు వచ్చాడు. బొమ్మ ముందు ఆగాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇదీ! చివరికి వేశావన్నమాట నా పొర," అన్నాడు నాతో. పక్కనే ఉన్న పెద్దాయన భుజం తట్టి, "చూశారా, ముఖంలో కళ ఎలా వచ్చిందో? మా స్టూడియో పద్ధతండీ ఇది. మెరుగు అంటాం," అన్నాడు.

నాకు ఒళ్ళు భగ్గుమంది. ఆ కళ తన పొరదేనట! నోరు తెరిచాను. నా వెనకనుంచి అక్క గొంతు ముందుగా వచ్చింది.

"వెయ్యలేదు సారూ. దగ్గరుండి చూశాను. ఆ వెలుగు మా పొయ్యిది, ముఖం నాది. ఇందులో మీదంటూ ఏమీ లేదు."

పెద్దాయన దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. సారు బొమ్మని ఇంకోసారి చూశాడు, ఈసారి దగ్గరికి వెళ్ళి, తెలుపు ఎక్కడుందోనని వెతుక్కుంటూ. మూతి దగ్గర పిండి మరక ఒక్కటే దొరికింది. కాసేపటికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక అక్క నన్ను లోపలికి పిలిచింది. బ్రెడ్డు కాగితంలో చుట్టిన ఫ్రేము ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పి చూశాను. వంటింటి తలుపు వెనకది. బావ, పిల్లలు, బావ పక్కన పాలమీగడ రంగులో మూతి బిగించిన ఒక ఆడమనిషి.

"ఆరేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోందే ఈవిడ," అంది అక్క. "ఎవరో ఏమో, నువ్వూ చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఇంక పంపించెయ్యి."